మూడు మిల్లీమీటర్ల లోటు

కమాన్ల వరుస మూడు మిల్లీమీటర్లు తక్కువొచ్చింది.

మూడు మిల్లీమీటర్లకే ఇంత గోలా అంటారని తెలుసు. నా సంగతి తెలిసినవాళ్ళు మాత్రం అనరు. మా వీధిలో నన్ను పేరు పెట్టి పిలిచేవాళ్ళే లేరు, అందరికీ నేను 'మిల్లీమీటరు'నే. చిన్న రైల్వే స్టేషన్లు చేయడం నా పని. పిల్లలు ఆడుకునేవి కావవి, మ్యూజియాల్లో అద్దాల పెట్టెల్లో పెట్టేవి. ఈసారి ఒప్పుకున్నది నిజం స్టేషనులో ఎనభై ఏడో వంతు. ముందువైపు ఇరవై ఎనిమిది కమాన్లు, ఒక్కోటి సరిగ్గా నలభై మిల్లీమీటర్ల వెడల్పు. గుణించి చూసుకోండి, పదకొండు వందల ఇరవై. ఆ కొలతకు వడ్రంగి చేత పీఠం చేయించాను. మంగళవారం పొద్దున కమాన్లన్నీ జిగురు పెట్టకుండా పీఠం మీద వరసగా పేర్చి చూస్తే, చివరి కమానుకూ మూల గోడకూ మధ్య నా గోరు సులువుగా దూరింది.

మొదట వడ్రంగిని అనుమానించాను. ఫోన్ చేసి దులిపేశాను. తీరా కొలిస్తే పీఠం సరిగ్గానే ఉంది. తర్వాత స్కేలును అనుమానించి ఇంకో స్కేలు తెచ్చాను. రెండూ కూడబలుక్కున్నట్టు ఒకే లెక్క చెప్పాయి. ఇక మిగిలినవి కమాన్లే.

వాటినెలా చేస్తామో చెప్పాలి, లేకపోతే నా బాధ మీకు అర్థం కాదు. ఇరవై ఎనిమిది కమాన్లను కూర్చుని ఎవడూ చెక్కడు. ఒక్కటే చెక్కుతాం, దాన్ని 'తల్లి' అంటాం. దాని చుట్టూ రబ్బరు పోసి గట్టిపడ్డాక తల్లిని బయటికి తీస్తే, మిగిలింది అచ్చు. ఆ అచ్చులో రెజిన్ పోస్తే అరగంటలో ఒక కమాను తయారవుతుంది. మళ్ళీ పోస్తే ఇంకోటి. గట్టిపడేటప్పుడు రెజిన్ వెంట్రుకవాసి కుంచించుకుపోతుంది కాబట్టి తల్లిని నేను వెంట్రుకవాసి పెద్దగా చెక్కుతాను. ఈ కమాను తల్లి అచ్చులోంచి తీసేటప్పుడే రెండు ముక్కలైంది. అది మామూలే, అచ్చు ఉన్నంతకాలం దానితో పనిలేదు.

వెర్నియర్ తీసుకుని ఒక్కో కమానూ కొలిచాను. మొదటి పదీ ఎప్పుడో కొలిచినవే. ఒకే తల్లి పిల్లలు కదా, తేడా ఏముంటుందిలే అని ఆ తర్వాతవి వదిలేశాను. నా జన్మలో నేను చేసిన బద్ధకం అదొక్కటే. పద్నాలుగు కమాన్లు సరిగ్గా నలభై. మిగతా పద్నాలుగూ నలభైకి మిల్లీమీటరులో అయిదో వంతు తక్కువ, కలిపితే దాదాపు మూడు. ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ అయితే వాతావరణం అనుకుందును. పద్నాలుగింటికీ అదే తక్కువ! ఎవరో నా కమానునే తల్లిగా పెట్టి దాని మీద కొత్త అచ్చు పోశారు. ఒకసారి కుంచించుకుపోయినదే మళ్ళీ కుంచించుకుపోయింది.

అలమరలో అచ్చు పెట్టె తెరిచాను. అచ్చు ఉంది. వెనక్కి తిప్పి చూశాను. నా ప్రతి అచ్చు వెనకా సూదితో చిన్న అడ్డగీత గీస్తాను. దీనికి లేదు. అంటే నా అచ్చు ఇల్లు దాటిపోయింది, దాని స్థానంలో దొంగది వచ్చి కూర్చుంది.

అచ్చులు పోసేది మా బామ్మర్ది.

మా ఆవిడకు ఒక్కగానొక్క తమ్ముడు. వాళ్ళమ్మ పోయాక ఇరవై ఏళ్ళ వయసులో మా దగ్గరికి వచ్చాడు, పద్దెనిమిదేళ్ళయింది. రెండు వీధుల అవతల గది తీసుకుని ఉంటాడు కానీ తిండీ, పనీ, పోట్లాటా అన్నీ మా ఇంట్లోనే. నాకు పిల్లల్లేరు. ఆ మాట ఎప్పుడూ పైకి అనలేదు కానీ నా తర్వాత ఈ వర్క్‌షాపు వాడిదే అనుకున్నాను. బుడగ రాకుండా రెజిన్ పోసే చెయ్యి వాడిది, చెక్కే చెయ్యి నాది. వాడు దొంగయితే పంపించెయ్యాలి. పంపించేస్తే నా పని కుంటుపడుతుంది, మా ఆవిడ మనసు విరిగిపోతుంది. అంతా తెలుసు. అయినా అనుమానం ఒకసారి లోపలికి దూరాక దాన్ని పట్టుకుని బయటికి నెట్టడం నా వల్ల ఎప్పుడూ కాలేదు.

అచ్చు ఎవరికి పనికొస్తుంది? ఈ ఊళ్ళో మా పని చేసేవాడు ఇంకొక్కడే. వాణ్ణి అందరూ 'చిరునవ్వు' అంటారు. ఎప్పుడు చూసినా నవ్వుతూనే ఉంటాడు. మనిషికి ఊరికే నవ్వెందుకొస్తుంది, మీరే చెప్పండి. మ్యూజియం వాళ్ళు ఈ పని నాకిచ్చినప్పుడు కూడా నవ్వుతూ వచ్చి చెయ్యి కలిపి వెళ్ళాడు. అప్పుడే అనుకున్నాను, వీడు ఊరుకోడని.

ఆ రోజు ఏమీ అనలేదు. మామూలుగానే ఉన్నాను. మామూలుగా అంటే వాడి మీద రెండుసార్లు, టీ చల్లారిందని మా ఆవిడ మీద ఒకసారి అరిచాను, ఎవరికీ అనుమానం రాలేదు. కానీ ఒక కన్ను వాళ్ళ మీదే వేసి ఉంచాను. కమాన్లకు రంగులు వేసేది మా ఆవిడే. కిటికీ దగ్గర బల్ల మీద సన్న కుంచెతో రాతి రంగు వేస్తోంది. వాడు ఆమె పక్కన కూర్చుని ఏదో గుసగుసలాడుతున్నాడు. నేను గుమ్మంలోకి రాగానే ఇద్దరూ నోరు మూసుకున్నారు.

"ఏంటి కబుర్లు?" అన్నాను.

"ఏముంటాయి బావా, రంగు చిక్కబడిందంటోంది అక్క," అన్నాడు.

రంగు గిన్నెలోకి తొంగి చూశాను. నీళ్ళలా పలచగా ఉంది. అబద్ధం!

బుధవారం మధ్యాహ్నం తిన్నాక వాడు ఇప్పుడే వస్తానని బయల్దేరాడు. నేను చెప్పులు చేత్తో పట్టుకుని మెట్లు దిగి వెనకాలే వెళ్ళాను. ఈ వయసులో నాకిదేం ఖర్మ అనుకుంటూనే వెళ్ళాను. మందుల కొట్టు దాటాడు, సైకిళ్ళు బాగుచేసే షెడ్డు దాటాడు, చిరునవ్వు షాపున్న సందులోకి తిరిగాడు. పది నిమిషాల తర్వాత చేతిలో సంచితో బయటికొచ్చాడు. ఆ సందులో రబ్బరూ రెజినూ అమ్మే కొట్టు కూడా ఉంది, మేం ఏళ్ళుగా కొనేది అక్కడే. కానీ అలమరలో మూత తియ్యని రబ్బరు డబ్బా ఒకటి ఉండాలి, ఇప్పుడు కొనాల్సిన అవసరమేమొచ్చింది?

ఇంటికొచ్చాక అమాయకంగా అడిగాను. "సంచిలో ఏంట్రా?"

"అక్క ఏదో తెమ్మంది బావా."

"ఏదో అంటే?"

"ఏదో... ఇంట్లోకి." గుటక మింగాడు. నేనూ మింగాను, కోపాన్ని.

గురువారం మా ఆవిడ కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళింది. ఇదే సమయమనుకుని తలుపు దగ్గరగా వేసి, పెట్టెలోని అచ్చు తీసుకెళ్ళి వాడి ముందు పడేశాను.

"నా అచ్చు ఏదిరా?"

"ఇదే కదా బావా."

"నాకు కళ్ళు పోయాయనుకున్నావా? నా గీత ఏది దీని మీద? పద్నాలుగు కమాన్లు తక్కువ కొలతకు ఎందుకొచ్చాయి? చెప్పు!"

వాడి మొహం పాలిపోయింది. వాకిలి వైపు చూశాడు. "బావా, పొరపాటు జరిగింది. అంతకంటే నన్ను అడక్కండి. కొత్త తల్లి చెక్కివ్వండి, రాత్రీ పగలూ కూర్చుని పోసిస్తాను."

"చిరునవ్వుకి అమ్మేశావా?"

వాడు నవ్వబోయాడు. నా మొహం చూసి ఆగిపోయాడు. "నిజంగానే అడుగుతున్నారా?"

"ఆ సందులోకి వెళ్ళడం కళ్ళారా చూశాను. తిన్నింటికే కన్నం వేస్తావురా? పద్దెనిమిదేళ్ళు తిండి పెట్టి పని నేర్పితే నువ్వు నేర్చుకుంది ఇదా?"

తిండి మాట అనకుండా ఉండాల్సింది. అది నోట్లోంచి వచ్చాకే తెలిసింది. కానీ ఆ క్షణంలో వెనక్కి తగ్గితే ఓడిపోయినట్టు అనిపించింది. వాడు లేచి చేతులు కడుక్కున్నాడు. వర్క్‌షాపు తాళం చెవి జేబులోంచి తీసి బల్ల మీద పెట్టాడు. "అక్కతో నేను ఫోన్లో మాట్లాడతాను," అన్నాడు. దొంగ కాకపోతే కాదని అరవాలి కదా? అరవలేదు. దాంతో నా అనుమానం రూఢి అయిపోయింది.

సాయంత్రం మా ఆవిడ రాగానే గర్వంగా చెప్పాను, ఇంటి దొంగను పట్టుకుని పంపించేశానని. ఆమె చెప్పులతోనే కుర్చీలో కూలబడింది. ఒక్క మాట అనలేదు. శుక్రవారం అనలేదు, శనివారం అనలేదు, ఆదివారమూ అంతే. అన్నం పెట్టింది, రంగులు వేసింది. తమ్ముడి తరఫున సిగ్గుపడుతోందనుకున్నాను. పాపం అనుకున్నాను కూడా. సోమవారం పొద్దున చొక్కా తొడుక్కుంటూ, "పోలీస్ స్టేషనుకు వెళ్తున్నా, చిరునవ్వు మీదా నీ తమ్ముడి మీదా ఫిర్యాదు ఇస్తా," అన్నాను.

ఆమె లేచి గదిలోకి వెళ్ళింది. బట్టల అలమర తెరిచిన చప్పుడైంది. తువ్వాల్లో చుట్టిన వస్తువేదో తెచ్చి బల్ల మీద విప్పింది. నా అచ్చు. వెనక నా గీత. కమాను తల దగ్గర అంగుళం మేర చిరిగిపోయి, లోపలి ముక్క ఊడి వేలాడుతోంది.

"చింపింది నేను," అంది. "ఆ రోజు వాడికి జ్వరం. మీరు బయటికెళ్తూ, వచ్చేసరికి నాలుగు కమాన్లు తయారుగా ఉండాలని చెప్పి వెళ్ళారు. నేనే పోశాను. మీరొచ్చే టైమైపోతోందని గట్టిపడకముందే లాగాను. వాడికి ఫోన్ చేసి ఏడిస్తే జ్వరంతోనే వచ్చి, మంచి కమాను ఒకటి ఏరి దాని మీద కొత్త అచ్చు పోశాడు. వెంట్రుకంత తేడా వస్తుంది, బావ కనిపెట్టలేడులే అన్నాడు. మొన్న సంచిలో తెచ్చింది వాడేసిన రబ్బరు డబ్బాకి బదులు డబ్బా. మీరు లెక్కపెడతారు కదా."

"అప్పుడే నాతో చెప్పి ఏడవచ్చు కదే!" ఇంటికప్పు ఎగిరిపోయేలా అరిచాను.

ఆమె ఒక అడుగు వెనక్కి వేసింది. "ఇదిగో, ఇందుకే," అంది.

నాకు సిగ్గేసింది. అంతకుముందెప్పుడూ ఆమె ముందు నాకు సిగ్గనిపించలేదు. "వాడెక్కడున్నాడు?" అనడిగాను.

"చిరునవ్వు దగ్గర పనికి కుదిరాడు. మీరు వెళ్ళగొట్టాక ఇంకెక్కడికి వెళ్తాడు?"

అలాగే బయల్దేరాను. ఈసారి చెప్పులు కాళ్ళకే ఉన్నాయి. చిరునవ్వు షాపులో పొడవాటి బల్ల, దాని మీద వరసగా అచ్చులు. మా బామ్మర్ది ఏప్రాన్ కట్టుకుని రెజిన్ కలుపుతున్నాడు. చిరునవ్వు నన్ను చూసి నవ్వి, కుర్చీ జరిపి, తనకేదో పనున్నట్టు వెనక గదిలోకి వెళ్ళిపోయాడు. మర్యాద తెలిసినవాడే. అది ఒప్పుకోవడానికి నాకు కష్టంగా ఉంది.

"అక్క చెప్పింది," అన్నాను.

"చెప్పిందా?" వాడు తలెత్తాడు. "ఏమన్నారు ఆవిణ్ణి?"

"ఏమీ అనలేదు." నిజానికి అరిచాను కాబట్టి వాడి కళ్ళలోకి చూడలేకపోయాను. "తప్పు నాదేరా. తిండి మాట అనకూడదు, అన్నాను. వచ్చే వారం మ్యూజియం ఇంజనీరమ్మ కొలతలు చూడ్డానికి వస్తుంది. కొత్త తల్లి చెక్కుతాను. నువ్వొచ్చి పోయాలి. నువ్వు లేకపోతే నాకు..."

వాడు కలుపుతున్న కప్పు పక్కన పెట్టాడు. చాలా మెల్లగా మాట్లాడాడు. "మీ మీద నాకు కోపం లేదు బావా. పని నేర్పింది మీరు. కానీ రాలేను. ఇక్కడ చేరిన మొదటి రోజే కిటికీ అచ్చు ఒకటి చింపేశాను. ఎక్కడ దాచాలా అని చుట్టూ చూశాను. తర్వాత, ఏమైతే అయిందిలే అని వెళ్ళి చెప్పాను."

"ఏమన్నాడు?"

"సరే, ఇంకోటి పోసెయ్యి అన్నాడు. అంతే బావా. ఇంకోటి పోశాను."

కుర్చీ వెనక్కి జరిపి లేచాను. వాడు సందు చివరిదాకా వచ్చి సాగనంపాడు. అక్కను అడిగానని చెప్పమన్నాడు. ఆమె కళ్ళలో వెయ్యాల్సిన చుక్కల మందు గురించి జాగ్రత్తలు కూడా చెప్పాడు. అవి నాకు తెలియవు.

దారి పొడుగునా ఒకటే అనుకుంటూ నడిచాను. ఇక అరవకూడదు. ఇంటికెళ్ళగానే ఆమెతో మెత్తగా మాట్లాడాలి, వాడు రానన్నాడని నెమ్మదిగా చెప్పాలి, ఏడిస్తే పక్కన కూర్చోవాలి. చెక్కబోయే కొత్త తల్లి గురించి కూడా కాస్త చెప్పాలనుకున్నాను. మెట్లు ఎక్కేసరికి నా మనసు చాలా తేలిగ్గా ఉంది.

తలుపు తీశాను. ఆమె కిటికీ దగ్గర బల్ల ముందు కూర్చుని ఉంది. ఒక కమాను మీద రంగు ఒలికినట్టుంది, ఎర్రటి చార బల్ల మీదికి కూడా పాకింది. నా అడుగు వినబడగానే ఆమె అరచేత్తో ఆ కమానును కప్పేసింది.

ఏం దాస్తున్నావనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను. "పర్లేదు," అన్నాను. చాలా మెత్తగానే అన్నాను.

ఆమె తలూపింది. చెయ్యి మాత్రం తియ్యలేదు. నేను నీళ్ళు తాగడానికి వంటగదిలోకి వెళ్ళాక, గుడ్డతో గబగబా తుడుస్తున్న చప్పుడు వినబడింది.