ఎర్ర నంబరు

నాకు భయమెక్కువ. ఎవరైనా గొంతు పెంచితే చాలు, నోరు కట్టుకుపోతుంది. అలాంటిదాన్ని పట్టుకొని, పదో తరగతి పాసైంది కదా అని, మా వాడ సర్వేలో రాసే పనికి పెట్టుకున్నారు.

అది 2003 ఎండాకాలం. అనంతపురం అంచున, వంక గట్టు మీద మావి అరవై రెండు ఇళ్లు. వాడను లేపేయకుండా ఉన్నచోటే బాగుచేయాలని మున్సిపాలిటీ మీటింగులో తీర్మానించారు. పట్టాలిస్తారు, మురుగుకాలువ తీస్తారు, కొళాయిలు వేస్తారు. అందుకు ముందుగా ప్రతి గోడ మీదా నంబరు పడాలి. స్టోరులో మిగిలింది ఎర్రరంగు డబ్బా ఒక్కటేనని అదే నా చేతికిచ్చారు. నేనూ బుద్ధి లేకుండా దాంతోనే నంబర్లు వేశాను.

ఐదేళ్ల కిందట రోడ్డు వెడల్పు చేసినప్పుడు మా పాత ఇంటి గోడకు ఎర్రగీత గీశారు. మూడోరోజే ఇళ్లు కూల్చే మిషను వచ్చింది. పొయ్యి మీది అన్నం దించుకునే వ్యవధి కూడా మా అమ్మకు దొరకలేదు. అప్పటినుంచి మా నాయన మద్దిలేటికి ఎర్రరంగంటే ఇల్లు పోవడమే. ఇది ఇల్లు నిలబెట్టే నంబరు నాయనా అని వారం రోజులు మొత్తుకున్నాను.

"అప్పుడు గూడా మంచిమాటలే చెప్పినార్లే," అన్నాడాయన.

సరిచూసే రోజు మున్సిపాలిటీ ఆఫీసు నుంచి శ్రీకాంత్ సారు వచ్చాడు. తాళం వేసిన ఇంట్లో ఎవరూ ఉండడం లేదని తేలితే ఆ నంబరు కొట్టేయాలి, ఆ జాగా కాలువకు పోతుంది. ఉంటున్నారో లేదో చెప్పాల్సింది వాడ మనిషిగా నేనే.

పదిహేడో నంబరు మారెక్కది. తాళం ఉంది. వానల్లేక, పనుల్లేక, పిల్లల్ని వెంటేసుకొని బెంగళూరుకు కూలికి పోయి మూడు నెలలైంది.

"ఎవరుంటారమ్మా ఈడ? తొందరగా చెప్పు," అని సారు గద్దించాడు. బెంగళూరు పోయింది, వస్తుంది అని చెప్పాలి. చెబితే ఎప్పుడొస్తుంది, నీకెట్లా తెలుసు అంటాడు.

"ఖాళీనా?"

తల ఊపాను. ఆయన ఆ నంబరు కొట్టేశాడు. నా దిక్కుమాలిన కాళ్లు ఆయన వెనకే నడిచాయి.

మాది ముప్పై నాలుగు. సందు తిరగ్గానే ఆగిపోయాను. గోడ మీద నంబరు లేదు. దాని మీద పేడ అలికారు, ఇంకా తడి ఆరలేదు. తలుపుకు తాళం. కిటికీలోంచి చూస్తే మంచం లేదు, బిందెలు లేవు, పొయ్యిరాళ్లు కూడా లేవు. ఎదురింటి ఆంజినమ్మ పరుగెత్తుకొచ్చింది.

"మీ నాయన ఈ సారును చూస్తానే సామానంతా ఆటోలో ఏసుకొని ముదిగుబ్బకు పోయినాడు జాయమ్మా. మీయమ్మ ఏడ్చుకుంటా ఎక్కింది. మిషను వచ్చేలోపల సామానన్నా మిగలల్లంట."

"ఇదీ ఖాళీనే," అంటూ సారు పెన్ను తీశాడు.

"కాదు సార్! ఇది మా ఇల్లు!" అని అరిచాను. అది నా గొంతేనా అనిపించింది. "ఎర్రరంగుకు భయపడి పోయినారు సార్. రేపు పిల్చకొస్తా. నేను ఈడనే ఉండా."

సారు నన్ను ఎగాదిగా చూసి, నివాసం ఉన్నారు అని రాసుకున్నాడు. అంతే. మా ఇల్లు నిలబడింది. సంతోషపడాల్సింది పోయి నామీద నాకే అసహ్యం వేసింది. ఇంతటి నోరు మారెక్క ఇంటి ముందు ఏమైంది?

"సార్, పదిహేడు గూడా ఖాళీ కాదు."

ఆయన ఆగాడు. "ఇందాక ఖాళీ అని తలూపితివే?"

"భయపడి ఊపినా సార్. మారెక్క బెంగళూరికి కూలికి పోయింది. వస్తాది."

"ఎప్పుడొస్తాది?"

"పనైపోతానే వస్తాది సార్."

"ఒకసారి అట్లంటావు, ఒకసారి ఇట్లంటావు. నిన్ను ఎట్ల నమ్మేది?" ఆయన ఒక తెల్లకాగితం తీసి నా ముందు పెట్టాడు. "పూచీ రాసియ్యి. పదిహేను రోజుల్లో ఆమె ఆఫీసుకొచ్చి నిలబడల్ల. రాకపోతే ఆమె ఇల్లూ లేదు, మీ ఇల్లూ లేదు. ఇష్టమేనా?"

రాసిచ్చాను. అమ్మానాయనలను అడక్కుండా వాళ్ల ఇల్లు పందెం పెట్టానని అప్పుడు తెలిసొచ్చింది.

సారు వెళ్లిపోయాక ఆంజినమ్మను అడిగాను. తర్వాత వాడలో ప్రతి గడపా ఎక్కి దిగాను. మారెక్క బెంగళూరులో ఎక్కడ ఉంటుందో ఎవరికీ తెలియదు.