ఈరమ్మ, వీరమ్మ ఒకరే

నేను ఒక ప్లగిన్‌ని. పట్టుకుందామంటే దొరకను, నా ఒళ్లంతా మూడువందల పన్నెండు పంక్తుల రాత. వెబ్‌సైటును నడిపే పెద్ద సాఫ్ట్‌వేర్ ఒకటి ఉంటుంది. దాని గోడలు పగలగొట్టకుండా, కావలసిన కొత్త పనిని పక్కన తగిలించడానికి నాలాంటి వాటిని తయారుచేస్తారు. అక్కర్లేనప్పుడు అంతే సులువుగా తీసేస్తారు. ఆ రెండో సంగతి పుట్టినప్పుడు నాకెవరూ చెప్పలేదు.

నన్ను రాసింది హిమజ. విజయనగరంలో ఒక గ్రంథాలయం వాళ్లు పల్లెపాటలు రికార్డు చేసి వెబ్‌సైటులో పెడితే, దాని బాగోగులు ఆమె చూసేది. ఒకరోజు జీడిపప్పు ఫ్యాక్టరీలో పనిచేసే పైడితల్లి ఫోను పట్టుకుని నేరుగా గ్రంథాలయానికి వచ్చేసింది.

"మాయమ్మ సేత నాట్ల పాట పాడించుకెల్లారు గదమ్మా. ఇప్పుడు మాయమ్మ లేదు. ఆ పాట ఇందామని ఈరమ్మ అని కొడతంటే ఏటీ లేదంతంది."

పాట ఉంది. రికార్డు చేసిన పెద్దమనుషులు మర్యాదకొద్దీ పేరు సరిదిద్ది 'వీరమ్మ' అని రాసుకున్నారు.

"వీరమ్మ అని కొట్టండమ్మా, వచ్చేస్తుంది" అంది హిమజ.

"వీరమ్మెవులో నాకు తెల్దు. మాయమ్మ ఈరమ్మ."

హిమజ తొమ్మిది రోజులు కూర్చుని నన్ను రాసింది. నా పనల్లా ఒక్కటే: వీరమ్మకీ ఈరమ్మకీ, వెంకన్నకీ ఎంకన్నకీ తేడా చూడకపోవడం. మొదట్లో అత్యుత్సాహంతో, ఏరు పాటలడిగిన వారికి వేరుశనగ పాటలు కూడా తెచ్చిపెట్టి చీవాట్లు తిన్నాను.

ప్రతి శుక్రవారం మధ్యాహ్నం, ఫ్యాక్టరీలో అన్నాల వేళకి, 'ఈరమ్మ' అని పిలుపొచ్చేది. పరుగెత్తి పాట తెచ్చేదాన్ని. రెండు నిమిషాల నలభై సెకన్లు. మిగతా వారమంతా ఆ పిలుపు కోసమే కాచుకుని ఉండేదాన్ని.

హిమజ వేరే ఉద్యోగానికి వెళ్లిపోయింది. మూడేళ్లు నన్నెవరూ తెరిచి చూడలేదు. కొత్తగా వచ్చిన భానుమూర్తిగారు పెద్ద సాఫ్ట్‌వేర్‌ని అప్‌డేట్ చేస్తే, నేను దానికి సరిపడనని తెర మీద ఎర్రగా రాసొచ్చింది.

"పేర్లు సరిగ్గా రాస్తే దొరకవా ఏంటి? దీంతో పనేముంది?" అంటూ నన్ను ఆపేశారాయన. చెరపలేదు. ఫోల్డరులో ఓ మూల పడి ఉన్నాను. పక్కనే జనం వెతికే మాటలన్నీ నమోదవుతుంటాయి, అవి నాకు కనిపిస్తాయి.

ఆ శుక్రవారం 'ఈరమ్మ' వచ్చింది. ఏమీ దొరకలేదు. మళ్లీ 'ఈరమ్మ'. మళ్లీ. పాట ఎక్కడుందో నాకు తెలుసు, కదలలేను. అంత ఒంటరితనం నేనెప్పుడూ ఎరగను. వీరమ్మ అని కొట్టు తల్లీ, ఒక్కసారి కొట్టు, అనుకున్నాను. కొట్టదు. వాళ్లమ్మను ఇంకొకరి పేరుతో పిలవదు.

ఇలా నాలుగు శుక్రవారాలు గడిచాయి. ఐదోసారి పైడితల్లి పేరు వదిలేసి, ఉత్తినే 'అమ్మ' అని కొట్టింది.

అమ్మ అనే మాట ఉన్న పాటలన్నీ వచ్చాయి. రెండువందల ఆరు. వీరమ్మ పాట నూట తొంభై ఏడోది. పైడితల్లి మొదటి పాట నొక్కి, వినడం మొదలుపెట్టింది.