పాత కొమ్మ మీది పూలు

ఫిబ్రవరి నెలాఖరులో ఆర్లిస్ టిడ్మోర్ చేసిన పొరపాటు అలబామా కొండప్రాంతంలో మాత్రమే జరగదగినది. అక్కడ రోడ్డు వారనున్న క్రేప్ మిర్టిల్ చెట్ల తలలు ఏటా ఆ రోజుల్లోనే నరుకుతారు. అవి ఆ ఏటి చిగురు మీదే పూస్తాయి. కాగితం మిల్లులో పని మానేసి ఏడాదైన ఆర్లిస్‌కు చేతులు ఊరుకోలేదు. చెట్ల పని ముగించిన ఊపులో పెరటి గోడవారనున్న నాలుగు ఓక్ ఆకు హైడ్రాంజియా పూలపొదలను కూడా మోకాలెత్తుకు కోసేశాడు.

పక్కింటి రూబెన్ కంచె మీదికి వాలి చూశాడు.

"క్షవరం బ్రహ్మాండంగా ఉందయ్యా! ఇంతకీ అవి పాత కొమ్మ మీద కదా పూసేది?"

కత్తెర ఆర్లిస్ చేతిలోనే ఉంది. కిందపడిన కొమ్మల చివర్లలో లావెక్కిన మొగ్గలు, ఈ ఏటి పూలన్నీ, అప్పుడు కనిపించాయి. పూలు వాడాక, జులై దాటకుండా కత్తిరించాలని తల్లి హ్యాటీ ఎన్నిసార్లు చెప్పిందో.

ఆ పొదలు ఆమె వాగు గట్టున దొరికిన ఒకే ఒక వింత మొక్క నుంచి పెంచినవి. ఆమె పోయాక అక్క ఓజెల్ ఆస్తిలో ఏమీ అడగలేదు. పొదలు తమ్ముడి దగ్గరే ఉండవచ్చని, మే నాలుగో ఆదివారం, ఊరంతా సమాధులు శుభ్రం చేసి పూలు పెట్టే డెకరేషన్ రోజున, అమ్మ సమాధి మీద ఆ తెల్ల గుత్తులు ఉండి తీరాలని మాత్రం అంది. ఆ మాట తప్పితే పొదలు తవ్వుకుపోతానని నవ్వుతూనే చెప్పింది. ఓజెల్ నవ్వుతూ అన్నవేవీ ఊరికే పోలేదు.

మార్చిలో ఆకులు విచ్చుకున్నాయి. అరచేయంత, పచ్చగా, నవనవలాడుతూ. వాటి నడుమ మొగ్గ లేదు. ఆర్లిస్ పొద్దున కాఫీ కప్పుతో ఒకసారి, చల్లారిన కప్పుతో ఒకసారి వెళ్లి ప్రతి చిగురూ వేళ్లతో విప్పి చూసేవాడు. పొటాషియం ఎరువు వేశాడు. మళ్లీ భయపడి దాన్ని తవ్వి తీసేశాడు.

"మొగ్గ తొడిగాయిట్రా?" హంట్స్‌విల్ నుంచి ఫోన్లో అక్క.

"ఆఁ, బానే ఉన్నాయక్కా."

"బానే అంటే? ఎన్ని గుత్తులొస్తాయి?"

"ఇప్పుడే లెక్క పెడితే దిష్టి తగులుద్ది."

"నీకు దిష్టి తగిలేంత మొహం లేదులే," అని ఆమె ఫోన్ పెట్టేసింది. ఏప్రిల్ అంతా అలాంటి అబద్ధాలే. ఒక్కొక్కటీ చెప్పాక అతను ఇంట్లో కూర్చోలేక మెయిల్ డబ్బా దాకా నడిచి, ఉత్తరాలు లేవని ముందే తెలిసీ మూత తీసి చూసి వచ్చేవాడు.

డెకరేషన్ ముందురోజు వాగు గట్టున ఎండ పడే బండల వెంట గంటలకొద్దీ పాకి, అడవి పొదల నుంచి కౌగిట పట్టినన్ని పూలు కోసుకొచ్చాడు. ఆదివారం తెల్లవారగానే తల్లి సమాధి మీద సర్దాడు. దూరానికి తెల్లగా, ఘనంగానే కనిపించాయి.

పదింటికల్లా కార్లు వచ్చాయి. దేవదారుల కింద బల్లల మీద వేయించిన కోడి, ఉడికించిన చిక్కుడు గింజలు, కారమెల్ కేకులు పరిచారు. వచ్చిన ప్రతివాళ్లూ సమాధి ముందు ఆగి "హ్యాటీ పూలు ఈ ఏడూ ఎంత బావున్నాయో!" అంటున్నారు. ఒక్కొక్క మెచ్చుకోలుకూ ఆర్లిస్ కాలర్ కింద చెమట పట్టింది. టోపీ తీశాడు, పెట్టుకున్నాడు, మళ్లీ తీశాడు.

ఓజెల్ తన మనవరాలి చెయ్యి పట్టుకుని వచ్చింది. "ఇవిగో, మీ ముత్తవ్వ తన చేత్తో పెంచిన పొదల పూలు," అని చూపబోయింది.

"కాదక్కా," అన్నాడు ఆర్లిస్. గొంతు అతను అనుకున్నదానికంటే పెద్దదిగా వచ్చింది. "అవి అడవివి. మనవి ఫిబ్రవరిలో నేనే కోసేశాను."

పక్క సమాధి దగ్గరివాళ్లు తల తిప్పారు. ఓజెల్ తిప్పలేదు.

"అమ్మ పూలు బరువుకి తల వేలాడేస్తాయిరా, రేకుల మీద రేకులు. ఇవి నిటారుగా నిక్కుకున్నాయి. రాగానే చూశాను. ఎంతసేపు నిజం మింగుతావో చూద్దామని ఊరుకున్నా."

"తప్పయిపోయింది."

"కొయ్యడం తప్పు కాదు, పొరపాటు. మూడు నెలలు ఫోన్లో నాకు పూలు పూయించావు చూడు, అదీ తప్పు." మనవరాలి చెయ్యి వదిలి, జారిన గుత్తినొకదాన్ని సరిచేసింది. "నవంబర్లో ఆకు రాలాక వస్తాను. రెండు పొదలు నేను తీసుకుపోతా, రెండు నీకు."

"ఏ రెండు?"

"నువ్వే ఎంచు. నేనైతే మంచివి పట్టుకుపోయానంటావు."

భోజనాల దగ్గర ఆమె అతని పళ్లెంలో కోడి తొడ వేసింది.

మధ్యాహ్నం ఇంటికి చేరగానే ఆర్లిస్ చర్చి చొక్కాతోనే పొదల దగ్గరికి వెళ్లాడు. మొదటిది అన్నిటికంటే పెద్దది. రెండోదానికి పొద్దుటి ఎండ బాగా తగులుతుంది. మూడోదాని పక్కన అమ్మ ముక్కాలి పీట వేసుకుని కూర్చునేది. నాలుగోది కిందటేడు గాలివానకు సగం విరిగి లేచింది. దాన్ని ఇచ్చేస్తే విరిగినదాన్ని అంటగట్టినట్టు, ఉంచుకుంటే మంచివి అక్కే పట్టుకుపోయినట్టు. ఈ చివర నుంచి ఆ చివరకు, ఆ చివర నుంచి ఈ చివరకు నడుస్తూనే ఉన్నాడు.

"ఏం వెతుకుతున్నావయ్యా?" అని రూబెన్ కంచె అవతల నుంచి అరిచాడు.

ఆర్లిస్ మళ్లీ మొదటి పొద దగ్గర నుంచి మొదలుపెట్టాడు.