ఎనుక పిలుపు

బావి గట్టెక్కిన దేవమ్మ గడ్డి మోపు దబ్బున కింద పడేసింది. ఒక్క పావురం కూడా లేవలేదు.

ఏడేళ్ళుగా ఆమె గట్టెక్కితే చాలు, గోడ సందుల్లోంచి పదో పదిహేనో పావురాలు బుర్రున లేచి, మొహాన దుమ్ము కొట్టి పోయేవి. రోజూ వాటిని తిట్టుకునేది. ఇవాళ తిట్టడానికైనా ఒక్కటి లేదు.

ఆ మాట చెబితే బావి ఆసామి గురులింగప్ప పటేల్ నవ్వాడు.

"దేవమ్మా, నీకు దినాం ఒకటి కొత్తగ కనవడ్తది."

మొగుడంపల్లి తోవలో అందరిదీ అదే మాట. కోహీర్ బస్సు హారన్ విని డ్రైవర్ మారాడని చెబితే నవ్వుతారు. ఫలానా బర్రె నెమరు ఆపింది, చూసుకోండి అంటే నవ్వుతారు. ఆ బర్రె కాస్తా చచ్చాక మాత్రం, ముందే చెప్పావు కదా అంటూ ఆమె గడప ముందే ఏడుస్తారు. ఆ నవ్వు చూస్తే దేవమ్మకు ఒళ్ళు మండిపోయేది.

అది ఎనభై మూడు ఎండాకాలం. నీళ్ళు అడుగంటి, గట్టు మీది ఆయిలింజనుకు అందకుండా పోయాయి. నలుగురు కలిసి ఇంజన్ను తాళ్ళతో బావిలోపలి అరుగు మీదికి దించారు. దేవమ్మ మొగుడు రామ్‌కిషన్ ఆ పటేల్ దగ్గరే జీతం ఉన్నాడు. తెల్లవారుజామున బావిలో దిగి ఇంజను స్టార్ట్ చేసి ఇంటికొచ్చి, "డీజిల్ నిండ పోసిన, మిట్ట పగటీలి దాక ఫికర్ లేదు" అని చాయ్ తాగాడు. గంట తిరగలేదు, ఇంజను దానంతటదే ఆగిపోయింది. డీజిల్ అయిపోయి ఉంటుందన్నాడు పటేల్. సరేనని రామ్‌కిషన్ డబ్బా పట్టుకుని మెట్ల వైపు నడిచాడు.

పని మీద బయలుదేరిన మనిషిని వెనక నుంచి పిలవకూడదు. పిలిస్తే అపశకునం. పిలిపించుకున్నవాడు వెనక్కి వచ్చి కూర్చుని, నీళ్ళు తాగి, అప్పుడే మళ్ళీ కదలాలి. పెళ్ళయిన పద్నాలుగేళ్ళలో దేవమ్మ ఆ తప్పు ఒక్కనాడూ చేయలేదు.

"ఓ నాగమ్మ నాయినా, ఆగు."

బిడ్డ పేరుతో వచ్చిన ఆ పిలుపుకు రామ్‌కిషన్ నిలబడిపోయాడు. పటేల్ మొహం కందగడ్డ అయింది.

"బాయిల దిగే మనిషిని ఎనుకకెల్లి పిలుస్తవా? బుద్ధున్నదా నీకు?"

"ఉన్నది గనుకనే పిలిచిన. నిండ పోసిన డీజిల్ అప్పుడే ఎట్ల అయిపోతది పటేలా? పావురాలు ఎటు పోయినయ్?"

"పావురాలకు నేను కావలున్ననా? అక్కడ నీళ్ళు లేక అల్లం మడి మాడిపోతున్నది."

రామ్‌కిషన్ వెనక్కి వచ్చి కొట్టం నీడలో కూర్చున్నాడు. దేవమ్మ ఇచ్చిన చెంబు నీళ్ళు గటగటా తాగి లేచాడు. మూడడుగులు వేశాడో లేదో మళ్ళీ పిలిచింది. మళ్ళీ వచ్చి కూర్చున్నాడు.

"పటేల్ ముంగట పరువు తీస్తున్నవే," అన్నాడు మెల్లగా.

"తీస్త. కూసో."

అతను రెండో చెంబు తాగుతుంటే, దేవమ్మ కొట్టం గోడకున్న కందిలి తీసి వెలిగించింది. చేదతాడుకు కట్టి బావిలోకి వదిలింది. సగం మెట్ల దాకా మంట బాగానే ఉంది. అరుగు దగ్గరికి పోయేసరికి చిన్నబోయి, ఎర్రబడి, ఆరిపోయింది.

"అండ్ల నూనె లేదు," అన్నాడు పటేల్.

ఆ మాటతో దేవమ్మ కోపం నషాళానికి అంటింది. చకచకా కందిలి పైకి లాగి, ఆయన చెవి దగ్గర పెట్టి ఊపింది. లోపల కిరసనాయిలు గలగలమంది.

"ఇన్నరా పటేలా? ఇంజన్ల డీజిల్ గూడ గిట్లనే ఉన్నది. పొగంత బాయిలనే నిండింది. గాలి లేక ఇంజన్ సచ్చింది, కందిలి సచ్చింది. మూడోది నా మొగుడు కావాల్నా? అంత అక్కర ఉంటే మీరే దిగున్రి. నేను ఎనుకకెల్లి పిలువ."

గురులింగప్ప బావిలోకి తొంగి చూశాడు. దిగడానికి కాలి చెప్పులు మాత్రం విప్పలేదు. రుమాలుతో మొహం తుడుచుకుని అల్లం మడి వైపు వెళ్ళిపోయాడు.

రెండు రోజులు గాలి ఆడనిచ్చి, దించిన కందిలి ఆరకుండా పైకి వచ్చాకే మనుషులు దిగి ఇంజన్ను బయటికి లాగారు. ట్యాంకులో డీజిల్ సగానికి పైనే ఉంది. ఈలోపు ఒక మడి అల్లం మాడింది. దేవమ్మ వెనక నుంచి పిలవబట్టే పంట పోయిందని పటేల్ జహీరాబాద్ సంతంతా చెప్పుకున్నాడు. విన్నవాళ్ళు తలాడించారు. బావిలో పోబోయిన ప్రాణం ఊసు ఒక్కడూ ఎత్తలేదు. నాలుగు రోజులు దేవమ్మ పళ్ళు కొరుకుతూనే తిరిగింది. ఇంట్లో గిన్నెలన్నీ సొట్టలు పడ్డాయి.

ఐదో రోజు పొద్దున రామ్‌కిషన్ పనికి బయలుదేరాడు. గడప దాటి నాలుగడుగులు వేసి, వాకిట్లో అటు తిరిగే నిలబడిపోయాడు.

"ఏంది, పోవా?" అంది దేవమ్మ విసురుగా.

"పిలుస్తవేమో అని సూస్తున్న."