పడవలెక్కిన ఆడవాళ్లు

తెల్లారేసరికి పడవలు రేవుకొచ్చాయి. అపొండి గంప పట్టుకుని మోకాలి లోతు నీళ్లలో నిలబడింది. పడవ యజమాని ఒగోలా ఆ గంపను కాలితో ఒక్క తన్ను తన్నాడు.

"నీకింక చేప లేదు. ముసలిదానివైపోయావు," అన్నాడు అందరూ వినేలా. "నీ కూతురు అకెయోని నా గుడిసెకి పంపు. గంప నింపి పంపుతా."

పడవలోని కూలీలు పగలబడి నవ్వారు. ఒడ్డునున్న యాభైమంది ఆడవాళ్లూ తలలు దించుకున్నారు. ఈ సరస్సు ఒడ్డున ఆడది చేప కొనాలంటే డబ్బొక్కటే చాలదు. మొగుడు పోయిన తొమ్మిదేళ్లూ అపొండి ఆ గుడిసెకే వెళ్లి చేప తెచ్చుకుంది, అది అమ్మి పిల్లలకు సంకటి పెట్టింది. అకెయోకు పంతొమ్మిది నిండాయి. ఆ పిల్లను అక్కడికి పంపేకంటే చావడం నయమనిపించింది అపొండికి. చావడానికీ లేదు, ఇంట్లో ఇంకా ముగ్గురున్నారు.

మధ్యాహ్నం చేపలు ఎండబెట్టేచోట అందరూ చేరారు.

"పోలీసులకి చెబుదాం," అంది ఒకామె.

"ఆ పోలీసుల కూరకి చేపెవడు పంపుతున్నాడే?" అంది ముసలి న్యాగిలో.

"ఎండబెట్టేది మనం, మోసేది మనం, అమ్మేది మనం," అంది అపొండి. "పడవలు మాత్రం వాళ్లవెందుకయ్యాయి?"

"ఆడది కాలు పెడితే పడవకి అరిష్టం గదా. చేప పడదు," అంది ఇంకొకామె.

న్యాగిలో పకపకా నవ్వింది. "పడవెక్కితే అరిష్టం, వాడి పక్కెక్కితే మాత్రం కాదేం!"

ఎవరూ నవ్వలేదు. అపొండి లేచి నిలబడింది. "అయితే ఎక్కుదాం. అన్ని పడవలూ."

"చేప పడకపోతే పిల్లలకేం పెడతావే?"

"ఇవాళేం పెట్టావు నువ్వు?"

అడిగినామె కూడా లేచింది.

పొద్దు వాలకముందే యాభైమందీ పడవల్లో కూర్చున్నారు. మగాళ్లు కర్రలతో దిగారు. ఒగోలా తెడ్డుతో కొట్టిన దెబ్బకు అపొండి చేయి ఫట్‌మని విరిగింది. రెండో చేత్తో ఆమె పడవ అంచు పట్టుకుంది. న్యాగిలో తల పగిలింది. ముగ్గురు దిగి పారిపోయారు. వాళ్లనేం అనగలం, వాళ్లకూ పిల్లలున్నారు. మిగతావాళ్లు ఏడుస్తూనే కూర్చున్నారు.

పోలీసు జీపు వచ్చింది. తెడ్డు ఎవడి చేతిలో ఉందో ఎవరూ అడగలేదు. పడవ దొంగతనం అని రాసుకుని, విరిగిన చేతినే పట్టుకుని అపొండిని ఈడ్చుకుపోయారు. మిగతావాళ్లను లాఠీలతో దింపేశారు.

"తొయ్యండ్రా పడవల్ని!" అని అరిచాడు ఒగోలా.

కూలీలు కదల్లేదు. "ఆడది కూర్చున్న పడవ. గొర్రెను కోసి శుద్ధి చేస్తేనే ఎక్కుతాం," అన్నాడు పెద్ద కూలీ.

మర్నాడు పొద్దున్నే ఒగోలా గొర్రెను కోయించాడు. పడవలకు రక్తం పూసి, కడిగి, మంత్రం చెప్పించాడు. కూలీలు తెడ్లు అందుకున్నారు.

అకెయో నీళ్లలోకి నడిచొచ్చి పడవెక్కింది. నిన్న తల్లి కూర్చున్న చోటే కూర్చుంది. కూలీలు తెడ్లు కింద పడేశారు. తల్లి చేయి విరిగిన చప్పుడు ఇంకా ఆ పిల్ల చెవుల్లో ఉంది. ఆమె వెనక, నీళ్లలో, తలకు గుడ్డ కట్టుకున్న న్యాగిలో ఉంది. న్యాగిలో వెనక మిగతావాళ్లు. నిన్న పారిపోయిన ముగ్గురూ ఆ వరసలోనే ఉన్నారు.

"నీ దొడ్లో ఇంకా ఎన్ని గొర్రెలున్నాయి, ఒగోలా?" అంది అకెయో.