పొద్దెక్కాక చూసిన చెరువు

భర్తకొకటి, తనకొకటి కట్టిన రెండు అన్నం డబ్బాలకూ ఆమె మూతలు పెడుతుంటే ముందుగదిలోంచి అతని మాట వినబడింది. ఇంటికొచ్చిన స్నేహితుడితో అంటున్నాడు.

"చేపపిల్లకి ఈత నేర్పాలా అంటారు కదరా! మా ఆవిడ ఆ నేర్పేవాళ్ళకి మార్కులేస్తుంది."

అత్తగారు కూడా నవ్వారు. ఆ హాస్యం కోడలు ఇప్పటికి ఇరవైసార్లు విని ఉంటుంది. నవ్వే ఓపిక రెండోసారికే అయిపోయింది.

ఆమె పని మాత్రం అదే. చేపల పెంపకం నేర్పే శిక్షకులకు శిక్షణకేంద్రంలో పదిరోజులు పాఠాలు చెబుతారు. వాళ్ళు ఊళ్ళకు పోయి రైతులకు చెప్పాలి. చివరిరోజు కాగితం మీద అందరూ 'చాలా బాగుంది' అని టిక్కు పెట్టి వెళ్ళిపోతారు. ఆ టిక్కులు లెక్కేసి, శిక్షణ ఫలితం నూటికి తొంభై రెండని ఆమె పైకి పంపాలి. వడ్డించే మనిషే ఎలా ఉందని అడిగితే బాగాలేదని ఎవరంటారు? తన ఇంట్లో తప్ప.

అందుకే ఆర్నెల్లు పోయాక చెరువుగట్టుకే వెళ్ళి చూస్తానంది. "చూసిరామ్మా, అంకె మాత్రం మార్చకు" అన్నాడు ఆఫీసులో పెద్దసారు.

నాలుగింటికే లేచి ఇంట్లోవాళ్ళకు వండిపెట్టి, మొదటి బస్సెక్కింది. వెలుతురు పడేవేళకు చెరువు దగ్గర రైతు లేడు. రైతు భార్య గట్టున గొంతుక్కూచుని నీళ్ళకేసి చూస్తోంది. ఆ వేళప్పుడు చేపలు పైకొచ్చి నోళ్ళు తెరుస్తుంటే నీళ్ళలో గాలి చాలడం లేదని అర్థం. ఆ రోజు మేత ఆపాలి. కేంద్రంలో చెప్పిన పాఠం అదే.

"ఈ వేళకు చూడాలని నీకెవరు చెప్పారమ్మా?"

"నాకెవరు చెబుతారు? నేర్పడానికొచ్చిన సారు మా ఆయనకి చెబుతుంటే అన్నం వడ్డిస్తూ విన్నా."

పాక గోడమీద బొగ్గుతో గీతలున్నాయి. చేపలు నోళ్ళు తెరిచిన రోజుకు ఇంటూ గుర్తు. మొదటి నెలలో తొమ్మిది. ఈ నెలలో ఒకటి.

శిక్షకుడు పదింటికి వచ్చాడు. అతని పుస్తకంలో ఆర్నెల్లూ ఒకటే మాట: 'చేపలు బాగున్నాయి.' పొద్దెక్కితే అవి కిందికి దిగిపోతాయి, బాగానే ఉంటాయి.

"తెల్లారకముందు చూడమని కదా పాఠం?"

"ఎలా మేడమ్? ఇంట్లో ఆవిడ లేవాలి, టిఫిన్ చెయ్యాలి."

అలా పన్నెండు చెరువులు తిరిగింది. శిక్షకుడి మాట విని రైతు వేళకు చూస్తున్నవి రెండు. ఆడవాళ్ళు చూస్తున్నవి తొమ్మిది. ఎవరూ చూడనిది ఒకటి.

పెద్దసారు సంబరపడిపోయాడు. "పదకొండన్నమాట! రైతులు నేర్చుకున్నారని రాసెయ్."

"నేర్చుకుంది వాళ్ళ ఆడవాళ్ళండి. వాళ్ళకెవరూ నేర్పలేదు."

"ఎవరు చేస్తే ఏంటమ్మా, పని జరిగింది కదా! రెండని రాస్తే వచ్చే ఏడు శిక్షణా ఉండదు, నీ కాంట్రాక్టూ ఉండదు."

ఎవరు చేస్తే ఏంటి. ఇంట్లో పదకొండేళ్ళుగా వింటున్న మాటే. జ్వరంతో వండిన రోజున కూడా అదే విన్నది. వేళకు కంచంలో కూడు పడితే, అది ఏ చేతిలోంచి పడిందో కంచానికి అక్కర్లేదు. ఎవరికీ తెలియనక్కర్లేదని ఆ చెయ్యి కూడా అనుకుంటూ వచ్చింది ఇన్నాళ్ళూ. గోడమీద ఆ గీతలు చూసేదాకా.

నివేదికలో 'రెండు' అని రాసింది. కింద ఇంకో వాక్యం చేర్చింది: 'వచ్చే శిక్షణకు చెరువులు చూస్తున్న ఆ తొమ్మిదిమంది ఆడవాళ్ళనీ శిక్షకులుగా పిలవాలి.' సంతకం చేసి, ఆఫీసు ముద్ర వేయించి, నకలు సంచిలో పెట్టుకుంది. కాంట్రాక్టు ఇంకా మూడు నెలలుంది. అందులో ఇంకో పదిహేను చెరువులు చూడొచ్చు.

మర్నాడు తెల్లవారుజామున చెప్పులు వేసుకుంటుంటే భర్త కళ్ళు నులుముకుంటూ వచ్చాడు.

"పొయ్యి వెలిగించినట్టే లేదు. మరి టిఫిన్?"

"చెరువు దగ్గర ఒకావిడ ఒక్కపూట వడ్డిస్తూ విని నేర్చుకుందండీ. మీరు పదకొండేళ్ళు తింటూ చూశారు" అంది.

రాత్రి మిగిలిన అన్నంతో ఒక్క డబ్బా నింపుకుని, గడప దాటింది.