బొమ్మ కింది మాట

“రేవతీ, ఓ మాట పడెయ్!” అన్నారు ముందుగదిలోంచి మా ఆయన వరప్రసాద్. నేను వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతున్నాను. ఆయన పత్రికలో కార్టూనిస్టు. బొమ్మ చిటికెలో గీసేస్తారు, కింద రాయడానికి మాటే దొరకదు. ఇరవై ఏళ్లుగా నేను మాటలు పడేస్తున్నాను. అంతకు రెట్టింపు మాటలు పడుతున్నాను కూడా. “నీకు రాజకీయాలేం తెలుసు?” అన్నది వాటిలో మేలురకం. నిజమే, నాకు తెలిసినవి ధరలే. టమాటా కిలో నూటయాభై దాటిన ఏడు, విమానాశ్రయం దగ్గరి మా సాతంరాయి ఇంటి మీదుగా విమానం పోతుంటే, “మనం ధరణి మీద, ధర ఆకాశం మీద” అన్నాను. మర్నాడు ఆయనకు ఫోన్లే ఫోన్లు. నాకు గిన్నెలే గిన్నెలు.

పెద్ద నోట్లు రద్దయినప్పుడు బియ్యం డబ్బాలో దాచుకున్న ఐదువందల నోట్లు తీసి ఆయన చేతిలో పెట్టాల్సొచ్చింది. “నల్లధనం కాదండీ, తెల్లబియ్యం ధనం,” అన్నాను ఏడుపు ఆపుకుంటూ. “మొగుడి దగ్గర దాపరికమా!” అన్నారు అత్తగారు. ఆయన మాత్రం గబగబా పెన్సిల్ అందుకున్నారు. ఆ కార్టూన్‌కు ఊరంతా నవ్వింది. ఆయనకు శాలువా కూడా కప్పారు.

ఉల్లిపాయలు ఇంకా బాండీలో వేయనేలేదు, తుక్కుగూడ నుంచి శిరీష వచ్చింది. ఆ అమ్మాయి పనిచేసే ప్రచురణ సంస్థ ధరల మీద, నోట్ల మీద ఆయన వేసిన కార్టూన్లన్నీ పుస్తకంగా వేస్తోంది. ఏ బొమ్మ ఏ ఏడాదిదని అడిగినప్పుడల్లా ఆయన వంటింటి వైపు చూస్తున్నారు. ఉల్లి వంద దాటింది కరోనాకు ముందు చలికాలంలోనని నేనే చెప్పాను.

“ఆంటీ, మీకెట్ల యాదికున్నయ్ ఇవన్నీ?”

“సంచీ మోసింది నేనే కదమ్మా.”

“సార్, మరి అట్ట మీద ఏం పెడ్దాం?”

“బొమ్మలు, మాటలు: వరప్రసాద్,” అన్నారాయన. “ఈవిడ పొయ్యి దగ్గర సరదాగా ఏదో అంటుంటుంది, అంతే.”

చేతులు తుడుచుకుని వచ్చి, ఆయన ఎదురుగా కుర్చీలో కూర్చున్నాను.

“శిరీషా, బొమ్మలు ఆయనవి, వేసుకోండి. మాటలు నావి, తీసేయండి.”

ఆయన పకపకా నవ్వారు. “తీసేస్తే ఏమవుతుందట?” అంటూ ఒక్కో కార్టూన్ కింద మాటను అట్టముక్కతో మూస్తూ తిరగేశారు. ఒకదాని తర్వాత ఒకటి, అన్నిట్లోనూ ఒకావిడ ఖాళీ సంచీ పట్టుకుని నిలబడి ఉంది.

“ఏంది సార్, గిట్లుంటే ఏడుపొస్తుంది గదా,” అంది శిరీష.

ఆయన అట్టముక్క పక్కన పెట్టేశారు. “మరి నవ్వెలా వస్తుంది, రేవతీ?” అన్నారు.

“నా పేరు వేస్తే వస్తుందండీ.”

శిరీష పెన్ను తీసింది. పుట్టింటి ఇంటిపేరుతో సహా చెప్పాను.